పాటలో ఏడ్చిన పాప

"నా పళ్ళు నాకిచ్చెయ్, బుల్లీ," అన్నాడు నాన్న మూడోసారి.

బుల్లి ఇవ్వలేదు. నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా గుండెకి హత్తుకుని భోజనాల బల్లకి అవతల నిలబడింది. ఆయన ఇటు నుంచి వస్తే తను అటు జరిగింది. ఆయన అటు నుంచి వస్తే తను ఇటు. ఇంకో రెండు నెలల్లో ముప్ఫై ఆరు నిండే మనిషీ, అరవై ఏడేళ్ళ పెద్దమనిషీ బల్ల చుట్టూ తిరుగుతుంటే చూసేవాళ్ళకి నవ్వొచ్చేదే. ఆ గదిలో ఎవరికీ నవ్వు రాలేదు.

టైము తొమ్మిదీ ఇరవై. పదింటికి టీవీ వాళ్ళ కారు గుమ్మం ముందుంటుంది. పదకొండింటికి నాన్న లైవులో కూర్చుని, ముప్ఫై అయిదేళ్ళుగా ఊరూవాడా పాడుకుంటున్న తన పాట ఎలా పుట్టిందో చెప్పాలి, రెండు లైన్లు పాడాలి. పై వరసలో సొంత పన్ను ఒక్కటీ లేదు. ఆ డబ్బాలోని కట్టుడు పళ్ళ సెట్టు పెట్టుకోకపోతే ఆయన నోట్లోంచి మాట కంటే గాలే ఎక్కువ వస్తుంది.

ఆ సెట్టు చేసింది బుల్లే. పళ్ళ డాక్టర్లు అచ్చులు పంపిస్తే వాటి మీద కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పద్నాలుగేళ్ళుగా ఆమెది అదే పని. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ప్లాస్టర్ పొడి ఉంటుంది. మామూలు సెట్టుకి వారం చాలు, నాన్న సెట్టుకి నెలన్నర పట్టింది. మైనం మీద పళ్ళు కుదిర్చి, ఆయన నోట్లో పెట్టి, "ఇప్పుడు పాడు" అనేది. 'ఇంకొంచెం సేపు ఉండవూ' అని ఆయన ఎత్తుకునేవాడు. 'సేపు' దగ్గర సన్నగా ఈల వచ్చేది. సెట్టు బయటికి తీసి, మైనం వేడి చేసి, ముందు పళ్ళు వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ పెట్టి, మళ్ళీ పాడించేది. నాలుగోసారికి ఈల పోయింది. అద్దంలో చూసుకుని ఎంత మురిసిపోయాడో ఆయన.

"చచ్చిపోయిన కూతురు చేసిన పళ్ళు పెట్టుకుని, కూతురు చచ్చిపోయిందని చెప్పడానికి వెళ్తున్నావు," అంది బుల్లి. "పళ్ళు లేకుండా వెళ్ళి చెప్పు. చూద్దాం."

"అక్కా, కాస్త గొంతు తగ్గించు. పక్కింటివాళ్ళు వింటారు," అన్నాడు తమ్ముడు. నాన్న ప్రోగ్రాములన్నీ చూసుకునేది వాడే. రెండు ఫోన్లు, రెండు చేతుల్లో.

"వినాలనేగా అరుస్తున్నది. ఈ ఇంట్లో ఒక ఆడపిల్ల ఉందని వాళ్ళకైనా తెలియనీ."

గోడ పక్కన అమ్మ ఇస్త్రీ చేస్తోంది. నాన్న తెల్ల చొక్కా. ఇంత గొడవ జరుగుతున్నా ఆమె తల ఎత్తలేదు. కాలరు అయింది, చేతులు అయ్యాయి, ఇప్పుడు వీపు భాగం.

గొడవకి మూలం బల్ల మీదే పడి ఉంది, దళసరి ఆహ్వానపత్రం. పాటకి ముప్ఫై అయిదేళ్ళు నిండిన సందర్భంగా పెద్ద పార్కులో ఒక రాతి బెంచీ వేస్తున్నారు. లైవు అవగానే నాన్న చేత ముసుగు తీయిస్తారు. కార్డు మీద ఆ బెంచీ ఫొటో. రాతి మీద నాన్న రాసిచ్చిన ఒక ఆడపిల్ల పేరు, కింద 'పాటలో మిగిలిపోయిన పాపకి' అని ఒక వాక్యం.

ఆ పేరు బుల్లిది. బడిలో, బ్యాంకులో, ల్యాబు గుర్తింపు కార్డులో ఉన్న పేరు. ఇంట్లో మాత్రం ఎవరూ వాడరు. నాన్న ఎప్పుడైనా కోపం వస్తే అలా పిలిచేవాడు గానీ, అమ్మ నోట ఆ పేరు వచ్చినట్టు ఆమెకి గుర్తే లేదు. అమ్మకి ఆమె మొదటినుంచీ బుల్లే.

నిన్న సాయంత్రం కొరియర్‌లో వచ్చిన ఆ కార్డు చూసినప్పటినుంచీ ఆమె ఒళ్ళు మండిపోతోంది. బతికున్న మనిషి పేరు రాతి మీద చెక్కి, పూలు పెట్టి, దాని మీద జనాన్ని కూర్చోబెడతారట.

* * *

ఆ పాట ఎలా పుట్టిందో దేశంలో తెలియనివాళ్ళు లేరు, తెలిసినవాళ్ళూ లేరు. మంగలి షాపులో ఒక కథ, కాలేజీ క్యాంటీన్లో ఇంకో కథ. పది నెలల కూతురు జ్వరంతో ఒళ్ళో ఉంటే ఆసుపత్రి వరండాలో కూర్చుని రాశాడని ఒకరంటారు. మందుల చీటీ వెనక రాశాడనీ, ఆ చీటీ తన బావమరిది కళ్ళారా చూశాడనీ ఇంకొకరు ఒట్టేసి చెబుతారు. వానలో బండి దొరక్క, పిల్లని భుజాన వేసుకుని వంతెన మీద నడుస్తూ కట్టాడని మరొకరు. ఎవరు ఏ దారిన వచ్చినా చివరికి అందరూ ఒక్క చోటే ఆగుతారు. రికార్డు చివర పసిపిల్ల ఏడుపు వినిపిస్తుంది, మధ్యలో టక్కున ఆగిపోతుంది. అదిగో, అదే ఆఖరి ఊపిరి అంటారు. అది విన్నాక మూడు రోజులు ముద్ద దిగలేదని గొప్పగా చెప్పుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

ఇంట్లో చెప్పుకునే కథ వేరు. ఆ రోజుల్లో రోజూ రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయేది. గొంతు గింగురుమంటుందని నాన్న టేపురికార్డరు పట్టుకెళ్ళి బాత్రూంలో కూర్చున్నాడు. ఎనిమిదికి అయిదు నిమిషాలుంది. పాట ఇంకా కుదరలేదు. కరెంటుని బతిమాలుకుంటూ రాసిన మాటే అది, ఇంకొంచెం సేపు ఉండవూ అని. పాడుతుంటే పది నెలల బుల్లి లేచి ఏడుపు లంకించుకుంది. అమ్మ పరుగెత్తుకొచ్చి పిల్ల నోట్లో కొరుక్కునే చెక్క కడియం పెట్టింది. ఏడుపు ఆగింది, కరెంటూ పోయింది. ఇంకో టేపు కొనే స్థితి లేక అదే కంపెనీకి ఇచ్చాడు. "కరెంటు మీద రాసిన పాటకి దేశమంతా కళ్ళు తుడుచుకుంటోందర్రా" అని నాన్న నవ్వించేవాడు. బుల్లీ తమ్ముడూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ సమయానికి అమ్మకి వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది.

ఆ పసుపు రంగు చెక్క కడియం ఇప్పటికీ బుల్లి తాళాల గుత్తికి వేలాడుతోంది. చెక్క మీద నాలుగు చిన్న పంటి గాట్లు, పైన రెండు, కింద రెండు. పళ్ళ కోర్సులో చేరిన కొత్తల్లో ఆమె తీసిన మొట్టమొదటి అచ్చు ఆ గాట్లదే. 'ఇవి నా మొదటి పళ్ళు' అని తోటివాళ్ళకి చూపించి మురిసిపోయింది.

* * *

"నాకు ఏడేళ్ళప్పుడు పత్రికవాళ్ళు వచ్చారు. నేను మంచినీళ్ళు పట్టుకొచ్చాను," అంది బుల్లి. "ఈ పాప ఎవరండీ అని అడిగారు. ఏం చెప్పావు నాన్నా?"

నాన్న నీళ్ళు నమిలాడు.

"చెప్పు. పళ్ళు లేకపోయినా ఆ మాట వస్తుంది."

"మా అన్నయ్య కూతురు అన్నాను."

"అప్పుడదేదో ఆటనుకున్నాను. తర్వాత తెలిసింది, నలుగుర్లో నిన్ను బాబాయ్ అనాలని. వీడి పెళ్ళిలో నిన్ను బాబాయ్ అన్నాను. నీ గుండె ఆపరేషన్‌కి ఆసుపత్రిలో సంతకం పెట్టేటప్పుడు 'ఆయనకి మీరేమవుతారు' అని నర్సు అడిగితే, పక్కన ఎవరో నీ అభిమాని ఉన్నాడని, అన్న కూతుర్ని అన్నాను. ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో నీకు తెలుసా?"

"అదంతా ఇప్పుడెందుకు తవ్వుతావు?"

"రాయి పాతుతున్నది ఇప్పుడు కాబట్టి."

తమ్ముడు మధ్యలోకి వచ్చాడు. "అక్కా, నీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ ఒక్కసారి ఆలోచించు. పాప బతికే ఉంది అంటే జనం ఊరుకుంటారా? ఇన్నేళ్ళూ మా చేత దొంగ ఏడుపు ఏడిపించాడని నాన్నని దుమ్మెత్తిపోస్తారు. ఆ పాట విని నిలబడ్డ తల్లులున్నారు, పిల్లలు పోయినవాళ్ళు. వాళ్ళు రాసిన ఉత్తరాలు పెట్టెనిండా ఉన్నాయి. వాళ్ళకేం చెబుతాం?"

"వాళ్ళకి చెప్పడానికి నోరు రాదు. నాకు చచ్చిపొమ్మని చెప్పడానికి మాత్రం వచ్చింది."

"చచ్చిపొమ్మని ఎవరన్నారే?" అన్నాడు నాన్న.

"రోజూ అంటున్నారు. రేడియో పెడితే అంటున్నారు, టాక్సీ ఎక్కితే అంటున్నారు. మొన్న మా ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి ఆ పాట పెట్టి, నా పక్కనే కూర్చుని, 'పాపం ఆ బిడ్డ అండీ' అని ముక్కు చీదుకుంది. నేను మైనం కరిగిస్తూ ఊఁ కొట్టాను. పాపమే, ఆ బిడ్డకి ఇంకా పెళ్ళి కాలేదు. వచ్చిన రెండు సంబంధాల్లోనూ మీ నాన్న ఎవరు అని అడిగితే, ఏం చెప్పాలో మీరు నాలుగు రోజులు గుసగుసలాడుకున్నారు. వాళ్ళకి అనుమానమొచ్చి లేచిపోయారు."

ఇస్త్రీ పెట్టె చొక్కా వీపు మీద పైకీ కిందికీ నడుస్తూనే ఉంది.

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. పై పళ్ళు లేని ముఖం పదేళ్ళు పెద్దదిగా కనిపిస్తోంది. పెదవి లోపలికి పోయి, బుగ్గలు జారి, వేదికల మీద చెయ్యెత్తి పాడే మనిషి ఈయనేనా అనిపిస్తుంది. బుల్లికి ఒక్క క్షణం జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

"నీకు ఏం కావాలి?" అన్నాడు నాన్న.

"ఒక్క వాక్యం. లైవులో. ఆ పాటలో ఏడ్చిన పాప బతికే ఉంది, ఇదిగో నా కూతురు, అని. నేను కూడా వస్తాను, పక్కన కూర్చుంటాను. ఆ బెంచీ మీద ముసుగు తియ్యకుండానే తిరిగొచ్చేద్దాం."

"అంతేనా?"

"అంతే. ముప్ఫై ఆరేళ్ళకి ఒక్క వాక్యం అడిగాను. ఎక్కువైందా?"

నాన్న బుల్లి వైపు చూడలేదు. ఇస్త్రీ బల్ల వైపు చూశాడు. ముఖం తుడుచుకున్నాడు.

"సరే," అన్నాడు. "చెబుతాను. నువ్వు బతికే ఉన్నావు కదా. ఉన్నదాన్ని ఉన్నావని చెప్పడానికి ఏం? చెబుతాను."

"నాన్నా, ఏంటి నువ్వు," అని తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు.

"నువ్వు నోర్ముయ్యరా. ఇంతకాలం నేను మూసుకున్నది చాలు."

గెలుస్తానని బుల్లి అనుకోలేదు. పోట్లాడాలనుకుంది, అంతే. డబ్బా మూత తీసింది. నీళ్ళలో పళ్ళు మెరుస్తున్నాయి. "పట్టు," అని బల్ల మీదుగా చెయ్యి చాచింది.

అప్పుడు గదిలో మాడిన వాసన వచ్చింది.

చొక్కా వీపు మీద ఇస్త్రీ పెట్టె కదలకుండా నిలబడి ఉంది. అమ్మ దాన్ని తీసి పక్కన పెట్టింది. తెల్ల బట్ట మీద గోధుమరంగు మచ్చ. కొన్ని వందల చొక్కాలు ఇస్త్రీ చేసిన మనిషి, ఒక్కటి కూడా మాడ్చి ఎరగదు.

"చెప్పడానికి వీల్లేదు," అంది అమ్మ.

* * *

బుల్లి చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఏమన్నావు?"

"ఆయన ఆ మాట అనడానికి వీల్లేదు. నువ్వు అక్కడికి వెళ్ళడానికీ వీల్లేదు."

నాన్న మీద వచ్చిన కోపం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నాన్న పాట కోసం బతికే మనిషి, ఆయన అంతే అని ఎప్పుడో మనసుకి చెప్పుకుంది. అమ్మ అలా కాదనుకుంది. అమ్మ మౌనం తన పక్షమే అనుకుని ఇన్నేళ్ళూ నమ్మింది.

"నువ్వు కూడానా," అంది. "ఆయనకైతే పేరు కావాలి, వీడికైతే ప్రోగ్రాములు కావాలి. నీకేం కావాలి? నన్ను కన్నది నువ్వు కాదూ? కన్నతల్లివి అయ్యుండి, నేను చచ్చిపోయానని రాతి మీద రాస్తుంటే చొక్కా ఇస్త్రీ చేస్తున్నావా?"

"నీ తాళాలు ఇటివ్వు."

"తాళాలెందుకు?"

"ఇవ్వమన్నానా."

బల్ల మీదున్న గుత్తిని బుల్లి విసురుగా తోసింది. అది జారుతూ వెళ్ళి అమ్మ ముందు ఆగింది. అమ్మ తాళాల్ని పట్టించుకోలేదు. పసుపు కడియాన్ని అరచేతిలో పెట్టుకుంది. గాట్ల మీద బొటనవేలితో మెల్లగా రాసింది. ఆ గాట్లు ఎక్కడున్నాయో ఆమె వేలికి చూడకుండానే తెలుసు.

"ఇవి ఎన్ని పళ్ళు?" అంది.

"ఇప్పుడు అదా లెక్క?"

"నీ పనే కదా అది. చెప్పు."

"నాలుగు. పైన రెండు, కింద రెండు."

"ఎన్నో నెల?"

"పదో నెల. మీరే చెప్పారుగా, టేపు చేసినప్పుడు నాకు పది నెలలని."

అమ్మ తల అడ్డంగా ఊపింది. "నీకు మొదటి పన్ను వచ్చింది పద్నాలుగో నెలలో. ఎందుకు రాలేదా అని భయపడి ఇద్దరు డాక్టర్లకి చూపించాం. కొందరికి ఆలస్యంగా వస్తాయి, కంగారు పడకండి అన్నారు. పాట బయటికొచ్చి ఊరంతా మోగుతున్నప్పటికి నీ నోట్లో ఒక్క పన్ను లేదు బుల్లీ."

బుల్లి ముందు ఆ మాటల్ని పనిలా విన్నది. పది నెలలు, చిగుళ్ళే తప్ప పళ్ళు లేవు, కాబట్టి చెక్క మీద గాటు పడదు. పళ్ళు లేని నోరు ఎలా ఉంటుందో ఆమెకి తెలిసినంత ఎవరికి తెలుసు? రోజూ ఆ అచ్చులే కదా చేతిలో. ఇన్నేళ్ళూ ఈ కడియం తన దగ్గరే ఉంది. అచ్చు కూడా తీసింది. తనకి పళ్ళు ఎప్పుడొచ్చాయో ఎవరూ చెప్పలేదు, తనకీ అడగాలని తోచలేదు.

తర్వాత మిగతాది అర్థమైంది.

"ఎవరివి?" అంది.

నాన్నే చెప్పాడు, గాలి పోయే గొంతుతో.

"నీకంటే ముందు ఒకతి పుట్టింది. టేపులో ఏడ్చింది అదే. పాట కరెంటు మీద రాసిందే, అది అబద్ధం కాదు. ఆ పిల్ల ఏడ్చింది పళ్ళు వస్తున్న నొప్పికి. ఆసుపత్రీ లేదు, వానా లేదు. ఆ తర్వాత మూడు వారాలకి జ్వరం వచ్చింది. రెండు రోజులు. అంతే."

తమ్ముడు ఫోన్లు రెండూ బల్ల మీద పెట్టేశాడు. వాడికీ తెలియదు. వాడి ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"టేపు ట్రంకులో పడేశాను. రెండేళ్ళు ముట్టుకోలేదు," అన్నాడు నాన్న. "నువ్వు పుట్టాక, కంపెనీవాళ్ళు పాటలేమైనా ఉన్నాయా అంటే తీశాను. ఆ చివర ఏడుపు కత్తిరించేద్దాం అన్నారు. నేనే కత్తిరించనివ్వలేదు. అది వేస్తేనే పాట ఇస్తానన్నాను. దాని గొంతు ఇంకెక్కడా లేదే. ఫొటో కూడా ఒక్కటే, అదీ మసకగా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు అయిదేళ్ళప్పుడు రేడియోలో ఆ ఏడుపు విని, ఎవరు నాన్నా అని అడిగావు. నువ్వేనమ్మా అన్నాను. నవ్వావు. ఆ నవ్వు చూసి మీ అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవడం మావల్ల కాలేదు. పత్రికవాళ్ళు పాప పోయిందటగా అని అడిగితే కాదనలేకపోయాను. పోయింది నిజమే కదా. అప్పుడే నువ్వు మంచినీళ్ళు పట్టుకుని వచ్చావు."

బుల్లికి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా కోపమే. ఎవరి మీదో తెలియని కోపం. "అంటే లోకానికి చెప్పింది ఒకటి, నాకు చెప్పింది ఇంకొకటి. లోకం అనుకున్నదానిలో సగమన్నా నిజముంది. నాకు చెప్పినదానిలో నేనే లేను. నేను ఎవరి ఏడుపు ఏడ్చాను నాన్నా ఇన్నాళ్ళూ?"



"ఇవాళ ఆయన వెళ్ళి, ఆ పాప బతికే ఉందని అంటే," అంది అమ్మ, "అది ఇంకెక్కడా ఉండదు. ఆ కాస్త ఏడుపు కూడా నీదైపోతుంది. నీకు అన్నీ ఉన్నాయి బుల్లీ. దానికి అదొక్కటే ఉంది."

"నాకు ఏమున్నాయమ్మా? నాన్నని నాన్నా అని పిలిచే హక్కుందా?"

అమ్మ తల దించుకుంది.

బయట కారు హారన్ మోగింది. పదికి ఇంకా అయిదు నిమిషాలుంది. తమ్ముడు కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి, ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

నాన్న బల్ల మీదుగా చెయ్యి చాచాడు. అడగలేదు, చాచాడంతే. డబ్బా మూత తీసే ఉంది. బుల్లి ఇవ్వలేదు, వెనక్కీ తీసుకోలేదు.

"దాని పేరేంటి?" అంది అమ్మతో.

అమ్మ కడియాన్ని పిడికిట్లో బిగించింది. ఆమె చూపు బల్ల మీది ఆహ్వానపత్రం మీద, రాతి మీద చెక్కిన పేరు మీద ఆగింది. నిన్నటినుంచీ బుల్లి తనదని పోట్లాడుతున్న పేరు.

"దాని పేరే నీకు పెట్టాం," అంది. "పెట్టాం గానీ, నేను ఒక్కసారి కూడా పిలవలేకపోయాను."

హారన్ మళ్ళీ మోగింది.